నలభై లీటర్ల కూతురు

గడువుకు ఇరవై ఒక్క రోజులు

ఈ పుస్తకం పెన్సిలుతో రాస్తున్నాను. ముచ్చటపడి కాదు, భయపడి. మా ఇంటి గోడకు గుమస్తా పెట్టె బిగించి ఉంది. మాట్లాడితే వింటుంది, రాస్తే దానికి తెలియదు. తేలుదివి మొత్తానికి పెన్సిళ్ళు అమ్మే కొట్టు ఒక్కటే. ఆ కొట్టాయన ఈమధ్య రెండో అంతస్తు వేశాడు. గుమస్తా వినకూడని సంగతులు ఊళ్ళో ఎన్నిళ్ళలో ఉన్నాయో దాన్నిబట్టి లెక్క కట్టుకోవచ్చు.

నా పేరు తిరుపతమ్మ. వయసు యాభై ఎనిమిది. పొగమంచు వలలు కుడతాను. సముద్రం మీంచి వచ్చే మంచు ఆ వలలకు పట్టి, చుక్కలు చుక్కలుగా తొట్లలోకి దిగితే ఊరంతా అదే తాగుతుంది. మాకు జీతాలు కూడా ఆ నీళ్ళలోనే. నాకు నెలకు మూడు వందల పది లీటర్లు. అందులో డెబ్భై ఆదాయప్పన్ను కింద పోతుంది. ఊరు మునగకుండా ఉండటానికే పన్ను అంటారు. ఇనుప పడవలు ఒకదానికొకటి కట్టి, వాటి మీద ఇళ్ళు కట్టుకుని, మూడు వేల మంది బతుకుతున్న ఊరు కనుక ఎవరూ పెద్దగా వాదించరు.

పూర్వం పన్ను రిటర్ను ఎవరిది వాళ్ళే రాసుకునేవాళ్ళట. అందరూ అబద్ధాలే రాస్తున్నారని ఆ పని గుమస్తాకు అప్పజెప్పారు. అది ఏడాది పొడుగునా ఇంట్లో మాటలు విని, ఎవరు ఎవర్ని పోషిస్తున్నారో తేల్చి, రిటర్ను తనే నింపేసి, చివర్లో ఒక్క ప్రశ్న అడుగుతుంది. మనం ఔనంటే పని పూర్తయినట్టే. నోరు విప్పే శ్రమ తప్ప ఇంకో శ్రమ లేదు. ఆ నోరే నా కొంప ముంచింది.

ఇవాళ మా అమ్మాయి నాంచారికి బొడ్డుపంపు పెద్దగా ఉద్యోగం వచ్చిందని ఉత్తరం వచ్చింది. ఊరి అడుగున ఊరే ఉప్పునీటిని తోడి బయట పోసే పెద్ద పంపు అది. గంటసేపు ఆగితే వీధులు ఒరుగుతాయి, రోజంతా ఆగితే చేపల కోసం మేం బయటికి వెళ్ళనక్కర్లేదు. పరీక్షకు నలభై ఇద్దరు కూర్చుంటే నాంచారి మొదటిది. తొమ్మిదేళ్ళుగా ఆ పంపు దగ్గరే సహాయకురాలిగా ఉంది. ఇప్పుడు ముప్ఫై ఒకటి.

ఉత్తరం చదివి వినిపించింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

"నలభై ఇద్దర్లో నువ్వు ఫస్టంటే, మిగతా నలభై ఒక్కళ్ళు ఎట్టా ఏడ్చారో," అన్నాను.

"నీ నోటికో దణ్ణం అమ్మా," అని నవ్వి, ఉత్తరం వెనక్కి తిప్పింది. వెనక చిన్న అక్షరాలున్నాయి. అభ్యర్థి తన తల్లి మీద ఆధారితురాలుగా ఆదాయప్పన్ను రికార్డులో నమోదై ఉన్నందున పంపు తాళాలు అప్పగించుట వీలుకాదు. ఈ ఏటి రిటర్ను ముగిసేలోగా సరిచేసుకొనవలెను. వరుసగా మూడో ఏడు నమోదైనచో ఆధారిత హోదా శాశ్వతమగును. శాశ్వత ఆధారితుల వేలిముద్ర చెల్లదు.

"ఇదేంటమ్మా? నేను నీమీద ఆధారపడ్డానని ఎవరు చెప్పారు?" అంది.

నేను సూది బెజ్జం వంకే చూస్తూ కూర్చున్నాను. దారం అప్పటికే ఎక్కేసింది.

గడువుకు ఇరవై రోజులు

ఒప్పుకుంటున్నాను. పుస్తకంలోనే, గట్టిగా కాదు.

రెండేళ్ళ కిందట రిటర్ను రోజున గుమస్తా, "మీ మీద ఆధారపడిన పెద్ద సంతానం ఒకరున్నారు, అవునా?" అని అడిగింది. నాంచారి అప్పుడే గ్రీజు చేతులతో నా ఉతికిన తువ్వాలు లాక్కుని తుడుచుకుంటోంది. "ఉందిగా, నా ప్రాణానికి," అన్నాను. పెట్టె మీద పచ్చలైటు వెలిగింది. మరుసటి నెల నుంచి పన్నులో నలభై లీటర్లు తగ్గింది. ఎందుకు తగ్గిందని నేను అడగలేదు. వచ్చే నీళ్ళను ఎందుకొచ్చావని అడిగేంత సంస్కారం మా ఇంటా వంటా లేదు. డాబా మీద ఆరు కుండీల్లో గోంగూర వేశాను. మరుసటేడు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు చెప్పాను.

ఇంకో సంగతి కూడా ఉంది. నాంచారి జీతం నా ఖాతాలోనే పడుతుంది. మా ఇళ్ళల్లో అంతే, పెళ్ళికాని పిల్లలు తెచ్చింది తల్లి చేతిలో పెడతారు. కనుక గుమస్తా కంటికి నాంచారి సంపాదన సున్నా. నా నోటి మాటల్ని బట్టి నాంచారి విలువా సున్నా. రెండు సున్నాలు కలిపి పద్దు రాసుకుంది.

ఇదంతా నాంచారికి చెప్పాను. బాగా కోప్పడుతుందనుకున్నాను. "అయితే మనం తింటున్న గోంగూర పచ్చడి నేనేనన్నమాట," అని చెప్పులేసుకుని పంపుకు వెళ్ళిపోయింది. దీని వ్యంగ్యం ఎవరి పోలికో తెలియడం లేదు.

గడువుకు పద్దెనిమిది రోజులు

పన్నుల ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ మనిషి ఒక్కడే, విరూపాక్షంగారు. మిగిలినవన్నీ పెట్టెలు. పెట్టెలు చేసే తప్పులకు తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి కదా, అందుకని ఆయనకు జీతం ఇస్తున్నారు.

"మీరు కంగారు పడకండి తిరుపతమ్మగారూ. చాలా తేలిక. పోషకురాలు తన నోటితో, తన ఇంట్లో గుమస్తా ఎదుట, ఆధారితురాలి సమర్థత గురించి ఏడు వాక్యాలు చెప్పాలి. గొంతును బట్టి అది నిజమో కాదో పెట్టె తేలుస్తుంది. ఏడూ నిజమని తేలితే పేరు కొట్టేస్తుంది."

"ఏడు వాక్యాలంటే?"

"మంచి మాటలండీ. మా అమ్మాయి తెలివైనది, కష్టపడుతుంది, అలాంటివి. కన్నతల్లికి అదెంత పని!"

నాంచారి నా వంక చూసి, మళ్ళీ కిటికీలోంచి సముద్రం వంక చూసింది. సముద్రమే ఎక్కువ ఆశాజనకంగా కనిపించి ఉంటుంది.

"నేను చెప్తే చెల్లదా అండీ? పంపు దగ్గర అందర్నీ అడగండి," అంది.

"ఆధారితుల మాట చెల్లదమ్మా. బయటివాళ్ళదీ చెల్లదు. మీ పక్క నుంచి చెప్పడానికి అమ్మగారొక్కరే ఉన్నారు. మూడుసార్లు అవకాశం. రెండుసార్లు ఇంట్లో, అది కుదరకపోతే చివరి రోజు ఇక్కడ పెద్ద గుమస్తా ముందు."

ఆ తర్వాత ఆయన బీరువాలోంచి నాచు కాగితాల కట్టొకటి తీసి బల్ల మీద పెట్టాడు. నిబంధన ప్రకారం మాకు నకలు ఇవ్వాలట. రెండేళ్ళుగా నేను నాంచారిని అన్న మాటలు. రోజుకు సగటున పదకొండు. మొత్తం ఎనిమిది వేల ముప్ఫై.

"ఊళ్ళో తల్లులందరూ అంటారనుకోండి. కానీ రోజుకు పదకొండు..." అని ఆగి, "మా అమ్మ ఆరు దాటేది కాదు," అన్నాడు.

కట్ట బరువుగా ఉంది. నాంచారే మోసుకొచ్చింది.

గడువుకు పదిహేను రోజులు

మొదటి ప్రయత్నం. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని పెట్టె ముందు నిలబడ్డాను. నాంచారిని బయట కూర్చోమన్నాను.

"మా నాంచారి తెలివైనది."

"వ్యంగ్యం. ఎనభై ఎనిమిది శాతం," అంది గుమస్తా.

నేను ఏ వ్యంగ్యమూ చేయలేదు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, మామూలుగానే అన్నాను. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఒకే దారిన నడిచిన నోరు, పక్క సందులోకి తిప్పితే తిరగడం లేదు.

"మా నాంచారి కష్టజీవి."

"వ్యంగ్యం. తొంభై నాలుగు శాతం."

"ఛీ, నీ బతుకు చెడ," అన్నాను పెట్టెను.

"సత్యం. తొంభై ఏడు శాతం. వాక్యం అభ్యర్థికి సంబంధించినది కాదు. ప్రయత్నం ముగిసింది."

బయట నాంచారి నవ్వడం వినిపించింది. ఆ నవ్వు ఎక్కువసేపు సాగలేదు.

గడువుకు పన్నెండు రోజులు

పక్కింటి మంగాయమ్మ సాయానికొచ్చింది. నాకు వరసకు వదిన. ఆమె కొడుకు పెళ్ళై వేరే వీధిలో ఉంటాడు కనుక ఆమె తిట్లు పన్నుల లెక్కలోకి రావు, గాలికి పోతాయి. అదృష్టవంతురాలు.

"వదినా, మనకి సొంత పిల్లల్ని పొగడటం రాదుగానీ ఎదురింటి పిల్లల్ని పొగడమంటే నోరు ఆగుద్దా? నువ్వు కళ్ళు మూసుకుని మా వాణ్ణి తలుచుకో. మా వాడి గురించి చెప్పు. పెట్టెకేం తెలుసుద్ది?"

నిజమే. మంగాయమ్మ కొడుకును పొగడటంలో నాకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది. నాంచారికి వినపడేటట్టు వాణ్ణి ఎన్నిసార్లు ఆకాశానికెత్తానో లెక్కలేదు. కళ్ళు మూసుకున్నాను. "పొద్దున్నే లేస్తుంది. పని మొదలెడితే వదలదు. పెద్దలంటే గౌరవం. ఒక్క చెడ్డ అలవాటు లేదు..." ధారగా వచ్చేసింది. గుమస్తా వరసగా సత్యం, సత్యం అంటూ ఆరు వాక్యాలు లెక్కపెట్టింది. మంగాయమ్మ ఆనందంతో నా జబ్బ నొక్కేస్తోంది. తన కొడుకు గురించి అన్ని మంచి మాటలు వింటున్న సంతోషం కూడా అందులో ఉందనుకుంటాను.

"ఏడో వాక్యం పేరుతో చెప్పండి," అంది గుమస్తా.

"నాంచారి..." అన్నాను. అంతే. ఆ పేరు పక్కన ఒక్క మంచి మాట పెట్టడానికి నా చేత కాలేదు. చివరికి, "నాంచారి మంచిదే పాపం," అని వచ్చింది.

"జాలి. ఎనభై శాతం. ప్రయత్నం ముగిసింది."

మంగాయమ్మ లేచి, "పోనీలే వదినా, మా వాడికి మంచిపేరొచ్చింది," అని వెళ్ళిపోయింది.

గడువుకు తొమ్మిది రోజులు

వలకొట్టు నుంచి వచ్చేసరికి నాంచారి డాబా మీద గోంగూర కుండీల మధ్య కూర్చుని కాగితాల కట్ట చదువుతోంది. సగానికి పైగా అయిపోయింది. చదివినవాటిని ఎగిరిపోకుండా పంపు బిగించే పానా కింద పెట్టింది.

పై కాగితం నాకూ కనబడింది. నీకు పెట్టే అన్నం సముద్రంలో పోస్తే చేపలన్నా బలుస్తాయి. నీ చేతికి పనివ్వటం కన్నా ఆ పని మానుకోవటం నయం. నిన్ను కన్నందుకు నాకు పతకం ఇవ్వాలి. ఎందుకూ పనికిరావు. ఎందుకూ పనికిరావు. ఈ ఆఖరుది ప్రతి కాగితంలోనూ ఉంది.

అన్నప్పుడు ఇవి ఇట్లా లేవు. అన్నం వడ్డిస్తూ అన్నవి, తలకు నూనె రాస్తూ అన్నవి. కాగితం మీద ఆ అన్నమూ లేదు, ఆ నూనె కూడా లేదు. మాటలు మాత్రం మిగిలాయి.

"అమ్మా, ఒకటి అడుగుతా. తిట్టొద్దు," అంది నాంచారి తల ఎత్తకుండా. "ఇన్ని అన్నావు గదా. ఇందులో ఏదో ఒకటన్నా నిజంగా అనుకుని అన్నావా?"

లేదే పిచ్చిదానా అంటే సరిపోయేది. రెండు ముక్కలు. వాటిని నాలిక చివరిదాకా తెచ్చుకున్నాను కూడా.

"ఇవన్నీ చదువుతా కూర్చున్నావా, వేరే పనేం లేదా నీకు?" అన్నాను.

కింద గదిలో గుమస్తా టిక్కుమంది. ఎనిమిది వేల ముప్ఫై ఒకటి.

నాంచారి కాగితాలు సర్దుకుని దిగి వెళ్ళిపోయింది. అన్నం తిననంది. నా కూతురు అన్నం వద్దనడం నేనెప్పుడూ వినలేదు.

గడువుకు ఆరు రోజులు

నాంచారి అవసరమైనంతే మాట్లాడుతోంది. ఉప్పు, నీళ్ళు, తాళంచెవి. రెండో ర్యాంకు వచ్చిన పెద్దమనిషి, వీధి పెద్దకు బావమరిది, తాళాలు మొలకు కట్టుకోవడానికి కొత్త పటకా కుట్టించుకున్నాడని మంగాయమ్మ చెప్పింది. పంపు పక్కన కూర్చుంటే ఆయనకు నిద్ర బాగా పడుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఈ సంగతి పెన్సిలుతో కూడా రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

నాంచారి కన్నా ముందు నాకొక బాబు. ఏడుకొండలు. వాడికి ఏడో నెల. నీళ్ళ వరసలో నిలబడి, వాణ్ణి చంకలో ఎగరేస్తూ, "నా కొడుకంత అందగాడు ఈ ఊళ్ళో ఉంటే చూపించండి," అన్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆ వారమే జ్వరం తగిలింది. నాలుగు రోజులు. వాణ్ణి సముద్రానికిచ్చి వచ్చిన రోజున మా అత్త ఒక్కటే మాటంది: "నోరారా అన్నావుగా."

జ్వరం జ్వరంగానే వచ్చిందని వైద్యుడు చెప్పాడు. ఆ నెలలో ఊళ్ళో ఇంకో పదకొండు మంది పసివాళ్ళు పోయారని కూడా చెప్పాడు. నాకు అదంతా తెలుసు. జ్వరానికి చెవులుండవనీ తెలుసు. అయినా మూడేళ్ళ తర్వాత నాంచారిని చేతిలో పెట్టినప్పుడు, "ఇదేంటి, కాకిపిల్లలా ఉంది," అన్నాను. పురుడు పోసినామె నొచ్చుకుంది. నాకు మాత్రం ప్రాణం కుదుటపడింది. అప్పట్నుంచి ఈ రోజుదాకా దాన్ని ఆ మాటల కిందే దాచుకుంటూ వచ్చాను. దాచిన తల్లి ఎక్కడ దాచిందో చెప్పకపోతే పిల్ల ఏమనుకుంటుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆఖరు రోజు

పన్నుల ఆఫీసు. పెద్ద గుమస్తా మా బీరువా అంత ఉంది. విరూపాక్షంగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఒక్క మంచి మాటతో మొదలుపెట్టండి తిరుపతమ్మగారూ, తక్కినవి వాటంతటవే వస్తాయి," అన్నాడు. నాంచారి పంపు నుంచే నేరుగా వచ్చింది. ముక్కు మీద గ్రీజు మరక. తుడుచుకోవే అనబోయి నోరు నొక్కుకున్నాను.

నేను రాసుకొచ్చిన కాగితం తీశాను. మొదటి అక్షరమే రాలేదు. ఒక నిమిషం గడిచింది. పటకా పెద్దమనిషి గుమ్మం దగ్గర నిలబడి దగ్గాడు.

"పోషకురాలు మౌనం," అంది పెద్ద గుమస్తా. "రికార్డు చదవబడును. కొక్కిలిగడ్డ నాంచారి. చేతకానిది. స్వయంగా బతకలేనిది. ఎందుకూ పనికిరానిది. తాళాలకు తగనిది. శాశ్వత ఆధారితురాలుగా..."

"ఏయ్!" అన్నాను.

ఆ తర్వాత నేనన్నవి నాకు సరిగా గుర్తులేవు. విరూపాక్షంగారు నకలు ఇచ్చాడు కనుక చూసి రాస్తున్నాను.

"ఎవత్తివే నువ్వు, మా పిల్లని చేతకానిదంటానికి? నేనంటా. కన్నాను, అంటా. నీకేంటి బాధ? పోయిన వానల్లో బొడ్డుపంపు సీలు పగిలితే నడుంలోతు ఉప్పునీళ్ళలో పదహారు గంటలు నిలబడింది ఎవరే, నువ్వా? నీ తీగల్లో తేమ చేరితే విప్పి తుడిచి బిగించింది ఎవరే? ఈ మొద్దే! వాళ్ళ నాన్న పోయినప్పుడు దానికి ఇరవై రెండు. నేను మూడు నెల్లు మంచం దిగలా. నా వలలన్నీ అది కుట్టింది, కుట్టి నా పేర్న జీతం రాయించింది. నాకు చెప్పలా. అబద్ధాలకోరుది! నా మోకాళ్ళకని వలకొట్టు మెట్లకి ఇనప కడ్డీ బిగించి, ఎప్పట్నుంచో ఉందిలేమ్మా అంది. నాకు కళ్ళు లేవనుకుంది! ఊళ్ళో అందరి మరలూ ఊరికే బాగుచేస్తది, లీటరన్నా అడగవే అంటే నవ్వుద్ది, ఆ తెలివి ఉంటేగా! తొమ్మిదేళ్ళ జీతం నా చేతిలో పోసి ఒక్కరోజు లెక్క అడగలా. మా ఇంట్లో తాగే నీళ్ళలో సగం దానియ్యి, ఇప్పుడు చెప్పవే ఇనప్పెట్టే, ఎవరి మీద ఎవరు ఆధారం? ఇట్టాంటి పిల్ల ఈ ఊళ్ళో ఇంకోటి ఉంటే చూపించు. చూపించవే!"

ఆ ఆఖరి మాట నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ముప్ఫై నాలుగేళ్ళ కింద నీళ్ళ వరసలో అన్న మాట అది. కుర్చీలో కూలబడ్డాను.

"సత్యం," అంది పెద్ద గుమస్తా. "తొంభై తొమ్మిది శాతం. మొత్తం వాక్యాలు పంతొమ్మిది. ఏడు చాలును. పేరు కొట్టివేయబడినది."

విరూపాక్షంగారు మళ్ళీ కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడిచింది అద్దాలు కాదు. నాంచారి నేల వంక చూస్తూ నిలబడింది, చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. కాసేపటికి వచ్చి నా చేతిలో కాగితం తీసుకుని మడత పెట్టి జేబులో పెట్టుకుంది. నా చేయి వదల్లేదు.

ఇంటికి రాగానే గుప్పెడు ఉప్పు తీసి దాని చుట్టూ మూడుసార్లు తిప్పాను. తేలుదివిలో పన్ను లేకుండా దొరికేది ఉప్పు ఒక్కటే. "అమ్మా, జ్వరం రాదులే," అంది మెల్లగా. తనకు ఏడుకొండలు సంగతి ఎప్పట్నుంచో తెలుసు. మంగాయమ్మ చెప్పిందట. ఇంట్లో దాచినవన్నీ పక్కింట్లో దొరుకుతాయి.

"తెలిసి ఎందుకు అడగలేదే?" అన్నాను.

"నువ్వు చెప్తావేమోనని," అంది.

గడువు ముగిసిన ఎనిమిదో రోజు

నాంచారి ఒకసారి తుమ్మింది. రోజంతా నేను వలలు కుట్టలేకపోయాను. సాయంత్రానికి నాలుగు గరిటెల అన్నం తిన్నాక నెమ్మదించాను. మొలకు బొడ్డుపంపు తాళాల గుత్తి వేలాడేసుకుని ఇల్లంతా గలగలలాడిస్తూ తిరుగుతోంది.

ఇవాళ నాకు నోటీసు వచ్చింది. నా కేసు తర్వాత పై ఆఫీసువాళ్ళకు ఒక అనుమానం వచ్చిందట. మెచ్చుకుంటేనే నిజమో కాదో కొలుస్తున్నాం, తిట్లను కొలవకుండా నమ్మేస్తున్నామేమిటని. ఇంత పెద్ద విషయం కనిపెట్టడానికి వాళ్ళకు పదిహేనేళ్ళు పట్టింది. ఇక నుంచి అన్ని మాటలూ కొలుస్తారు. ముందుగా నా పాత మాటలన్నీ మళ్ళీ కొలిచి, ఎదురుగా శాతాలు వేసి పంపారు. అక్రమంగా పొందిన రాయితీ తొమ్మిది వందల అరవై లీటర్లు వాయిదాల్లో కట్టాలి. రాయితీ నీటితో పెరిగిన గోంగూర కుండీలు ఆరు జప్తు. తప్పుడు వాంగ్మూలాలకు జరిమానా వేరే. కూతురు పనికిమాలినదని అబద్ధం చెప్పినందుకు జరిమానా పడిన మొదటి తల్లిని నేనేనని విరూపాక్షంగారు అభినందించాడు.

నాంచారి ఆ కాగితాలు మళ్ళీ డాబా మీదికే తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదువుతోంది. చేపలన్నా బలుస్తాయి: అసత్యం, తొంభై ఆరు. పని మానుకోవటం నయం: అసత్యం, తొంభై ఐదు. ఎందుకూ పనికిరావు: అసత్యం, తొంభై ఎనిమిది. ఎందుకూ పనికిరావు: అసత్యం, తొంభై తొమ్మిది.

ఒకచోట వేలు ఆగింది.

"అమ్మా, ఇదొక్కటి నిజమని వచ్చింది."

కళ్ళజోడు లేక నాకు కనబడలేదు. చదవమన్నాను.

"నిన్ను కన్నందుకు నాకు పతకం ఇవ్వాలి. సత్యం, తొంభై తొమ్మిది," అని చదివి, ఆ కాగితం నా ఒళ్ళో పెట్టి, నా భుజానికి తల ఆన్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ మనిషి, మొలకు ఊరి తాళాలు. భుజం నొప్పి పుట్టింది. కదల్లేదు.

మరుసటి ఏడు, రిటర్ను రోజు

ఇప్పుడు మా ఇంటి రిటర్ను నాంచారి పేర వస్తుంది. ఇంట్లో పెద్ద జీతం తనదే. వాయిదాలు తనే కడుతోంది. వలలు కుట్టడానికి నా వేళ్ళు ఒప్పుకోక పోయిన నెల నుంచి నేను ఇంట్లోనే ఉంటున్నాను.

గుమస్తా అడిగింది. "మీ మీద ఆధారపడినవారు ఎవరైనా ఉన్నారా?"

నాంచారి నా వంక చూసి కన్ను గీటింది. నెలకు నలభై లీటర్లు. ఆరు కుండీలు మళ్ళీ పెట్టుకోవచ్చు.

"ఉంది. మా అమ్మ. ఎందుకూ పనికిరాదు. కూర్చోబెట్టి మేపుతున్నా," అంది, అచ్చం నా గొంతుతో.

"అసత్యం. తొంభై తొమ్మిది శాతం. రాయితీ తిరస్కరించబడినది."

"పోయె నలభై లీటర్లు!" అని తల పట్టుకుంది నాంచారి. "నీకున్న నోరు నాకెందుకు రాలేదే అమ్మా!"

నలభై లీటర్లు పోయినందుకు చాలా బాధపడుతున్నట్టు మొహం పెట్టుకుని నేను వంటింట్లోకి వెళ్ళాను. చాలాసేపు గిన్నెలు సర్దాను. కొన్నింటిని రెండుసార్లు.

కొత్త నిబంధన వచ్చాక గుమస్తా ఊరుకోవడం లేదు. ఏ మాట అన్నా వెంటనే తీర్పు చెప్పేస్తోంది. ఇంట్లో ఇక గుట్టన్నది లేకుండా పోయింది. పెన్సిలు కూడా అరిగిపోవచ్చింది, ఇంకోటి కొనదలచుకోలేదు.

అన్నం వార్చి, మెట్ల దగ్గరికొచ్చి గట్టిగా కేకేశాను.

"ఒసే పనికిమాలినదానా, చల్లారిపోతంది, రా!"

"అసత్యం," అంది గోడ.

"వస్తన్నానమ్మా," అంది నాంచారి.